అసిరమ్మకు మిగిలిన కథ వినిపించుట గురించి

జిల్లా గ్రంథాలయ అధికారి వారి సముఖమునకు,

నీలాడవలస బజారు వీధిలో ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుకొనుచున్న గిరిబాబు గారి భార్య రాజకుమారి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నీలాడవలస శాఖా గ్రంథాలయమునందు ఆదివారపు ఉచిత కార్యక్రమములు నిలిపివేయుట, హాలుకు తాళము వేయుట, కథ వినవచ్చిన కూరగాయల అసిరమ్మను పోలీసు స్టేషనుకు పంపుట – వీటిపై ఫిర్యాదు.

అర్జీలు రాసే అలవాటు నాకు లేదు. ఇది రాయడానికి కూర్చుంటే మా ఆయన "కాస్త తగ్గి రాయి" అన్నారు. తగ్గే రాస్తున్నాను. ఎక్కడైనా తగ్గినట్టు కనబడకపోతే అక్కడ నాకు చేతకాలేదని తమరు గ్రహించవలెను.

1. మా ఊళ్లో ఉన్న ఒక్క సినిమాహాలు మూతబడి కల్యాణమండపమైనది. పార్కు లేదు. సాయంత్రమైతే మగవాళ్లకు టీ దుకాణాలున్నాయి, ఆడవాళ్లకు ఇంటి గుమ్మాలున్నాయి. అట్టి ఊళ్లో, ఇంతకుముందు పనిచేసిన లైబ్రేరియన్ జగన్నాధం గారు గ్రంథాలయం వెనక హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఉచిత కార్యక్రమములు మొదలుపెట్టినారు. ఒక వారం పిల్లలకు బొమ్మలు గీయించేవారు. ఒక వారం తప్పెటగుళ్ల వాళ్లు వచ్చి ఆడేవారు. ఒక వారం గోడకు తెల్లదుప్పటి కట్టి సినిమా వేసేవారు. మిగతా వారాల్లో నవల చదివేవాళ్లం. చదివేది నేను. వినేది బజారులో కూరలమ్మే ఆడవాళ్లు, మిల్లులో పనిచేసేవాళ్లు, మా వీధి కోడళ్లు.

అందులో అసిరమ్మ ముందు వరసలో, ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని కూర్చునేది. ఆమెకు చదువు రాదు. కానీ కథలో ఎవడైనా అబద్ధమాడితే ఊరుకునేది కాదు. "ఒసే, ఆడి మాట నమ్మకే! ఆడు నిన్ను ముంచేస్తాడే!" అని పుస్తకంలో ఉన్న పిల్లను కేకలేసేది. హాలంతా నవ్వేది. ఆవిడ కోప్పడేది. "మీకు నవ్వులాటగున్నాదా? దాని బతుకు పోతన్నాదక్కడ!"

అట్ట ఊడిపోయి, రాసినవారి పేరున్న పేజీ కూడా చిరిగిపోయిన ఒక పాత నవలను గత వేసవిలో మొదలుపెట్టినాము. అందులో చిన్నకోడలి మీద అత్తవారు నగల దొంగతనం మోపుతారు. ఊరి పెద్దలు కూర్చుంటారు. అందరూ తలొక మాటా అంటారు. చివరకు ఆ పిల్ల లేచి నిలబడి, "ఇప్పుడు నేను చెప్పేది వినండి" అంటుంది. ఆ మాట దగ్గర అధ్యాయం అయిపోయింది. ఆ రోజుకు ఆపినాను.

ఆ వారంలోనే జగన్నాధం గారు పదవీ విరమణ చేసి ఆమదాలవలస వెళ్లిపోయినారు. మరుసటి ఆదివారం మేము వెళ్లేసరికి హాలుకు తాళం ఉంది.

2. సదరు తాళము వేసినది కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ వినోద్ గారు. కారణం అడిగితే, "ఆదివారం ప్రోగ్రాములు ఇంక లేవు మేడమ్. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి డిస్టర్బెన్స్" అన్నారు. చదువుకునే గది రోడ్డు వైపుంది, హాలు దొడ్డి వైపుంది, మధ్యలో పెద్ద ఆవరణ ఉంది అని చెప్పినాను. నవ్వినారు. పోనీ, నేను సభ్యురాలిని కదా, ఆ నవల ఇంటికివ్వండి, మా అరుగు మీద చదువుకుంటాం అన్నాను.

"నవలల బీరువా హాల్లో ఉండిపోయింది మేడమ్. హాలు తియ్యడం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"కుదరదంతే."

వెనకవైపు కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు. అసిరమ్మ దాన్ని తోసి లోపలికి తొంగి చూసి, "ఒలమ్మా, పెళ్లేటి ఇక్కడ?" అన్నది. నేనూ చూసినాను. హాలునిండా ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుంజలు, బిర్యానీ వండే దేగిశాలు. వాటి వెనకెక్కడో బీరువా. ఆ సామానంతా వినోద్ గారి బావమరిది షామియానా దుకాణానిదని తెలియని వారు మా ఊళ్లో లేరు. తమరికి ఇప్పుడు తెలిసినది.

3. పరీక్షల పిల్లల మాట నిజమేమో, మేమే స్వార్థంగా ఆలోచిస్తున్నామేమో అని నాకూ అనుమానం వచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్న ప్రదీప్ మా దుకాణానికి వస్తే అడిగినాను.

"మాకేటి డిస్టర్బెన్సండీ? అప్పుడు ఆదివారం లైబ్రరీ తీసుండేది, సదువుకునేవోలం. ఇప్పుడు ఆదివారం గేటుకే తాళం ఏసేత్తన్నారు. నాను బస్టాండులో కూకొని సదువుతన్నాను" అన్నాడు.

అనగా, ఎవరి పేరు చెప్పి మమ్మల్ని పంపించివేసినారో వారిని కూడా పంపించివేసినారు.

4. ఇంతవరకు జరిగినది సహించినాము. నవంబరులో గ్రంథాలయ వారోత్సవములలో జరిగినది సహించలేము.

వినోద్ గారు తామే నాకు ఫోను చేసి, "మేడమ్, మీ ఆడవాళ్లందర్నీ తీసుకురండి. మంచి చీరలు కట్టుకురమ్మనండి. పెద్దవాళ్లు వస్తున్నారు" అన్నారు. హాలు తీస్తున్నారు కాబోలు అనుకున్నాను. నా బుద్ధి అలాగే అనుకున్నది. నేనే బజారంతా తిరిగి అందరికీ చెప్పినాను. అసిరమ్మ మంచి బేరాల వేళ తట్ట పక్కవాళ్లకు అప్పగించి, పండగకు మాత్రమే కట్టుకునే పసుపు చీర కట్టుకుని వచ్చింది. దారిపొడుగునా, "ఆ పిల్ల ఏటి సెప్పుంటాదంటావు సావుకారమ్మా? నిజం సెప్పేసుంటాదా?" అని నన్ను అడుగుతూనే ఉన్నది.

హాలు తీయలేదు. ఆవరణలో కుర్చీలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టినారు. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క పుస్తకం ఇచ్చి, తెరిచి పట్టుకోమన్నారు. ముఖ్య అతిథి గారు మా వెనక నిలబడినారు. అసిరమ్మ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నది. వినోద్ గారు వచ్చి దాన్ని తిప్పి ఆమె చేతిలో పెట్టి, అతిథి గారి వైపు చూసి, "చదువు రానివాళ్లకి లైబ్రరీతో పనేముంటుందండీ, ఇలా ఫొటోకి తప్ప" అన్నారు. అక్కడున్నవాళ్లు నవ్వినారు.

అయ్యా, ఆదివారాల్లో అసిరమ్మను చూసి మేమూ నవ్వేవాళ్లమని పైన రాసినాను. ఆ నవ్వులో ఆమె మాతో ఉండేది. ఈ నవ్వుకు ఆమె తల వంచుకున్నది. 

ఫొటో అయినది. బిస్కట్ పొట్లం ఒకటి, మజ్జిగ పాకెట్ ఒకటి చేతిలో పెట్టి, పుస్తకాలు వెనక్కి తీసుకుని, వెళ్లవచ్చునన్నారు.

అసిరమ్మ వెళ్లలేదు. "బాబూ, మా కత ఎప్పుడు సదివిస్తారు?" అని అడిగింది. వినోద్ గారు వినిపించుకోలేదు. మళ్లీ అడిగింది. అప్పుడాయన, "ఏం కథమ్మా నీకు? ఇంటికెళ్లి టీవీ చూసుకో" అన్నారు. ఆవిడ మజ్జిగ పాకెట్ ఆయన బల్ల మీద పెట్టి, నడిచి వెళ్లి, హాలు తలుపుకు వీపు ఆనించి కూర్చున్నది. "తలుపు తీసినాకే లేత్తాను" అన్నది. మేమందరం వెళ్లి పక్కన కూర్చున్నాం. ఒకరి మీద చెయ్యి వేయలేదు, ఒక తిట్టు తిట్టలేదు.

దీనికి వినోద్ గారు పోలీసులకు ఫోను చేసినారు. ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగించినదట! కూర్చున్న అందరిలో అసిరమ్మ ఒక్కర్తినే ఆటో ఎక్కించినారు. నా జోలికి రాలేదు. మాది బజారు వీధిలో దుకాణం కనుక రాలేదు. ఈ సంగతి నాకు తెలుసు, వినోద్ గారికి తెలుసు, అసిరమ్మకు అందరికంటే బాగా తెలుసు.

5. నేను వెనకే స్టేషనుకు వెళ్లినాను. హెడ్డు కానిస్టేబులు అప్పలసూరి గారు ఆమెను అడిగినారు.

"ఏటమ్మా, ఏటి సేసినావు?"

"కత అడిగినాను బాబూ."

ఆయన ముందు నవ్వి, తరవాత ఆమె మొహం చూసి మానుకున్నారు. "నాకేటి రాయాలో తెలవడం నేదమ్మా. కానీ ఆఫీసరు కంప్లయింటిచ్చినాడు, నానేటి సేస్తాను" అని నాతో అన్నారు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, వేలిముద్ర తీసుకుని పంపినారు. ఆమె భర్త దాలయ్య లోపలికి రావడానికి జంకి, గేటు బయట తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్లినారు.

మరునాడు బజారులో, "జైలు నుంచి ఎప్పుడొచ్చినావే అసిరమ్మా?" అని ఎవడో అడిగినాడు. ఆ రోజు నుంచి ఆమె బజారులో కూర్చోవడం మానేసింది. తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకుంటున్నది. ఆ వయసులో, ఆ మోకాళ్లతో. గ్రంథాలయం వీధికి మాత్రం వెళ్లదు. ఎందుకంటే గేటుకు కట్టిన ఫ్లెక్సీలో పసుపు చీరతో, చేతిలో పుస్తకంతో ఆమె బొమ్మ ఇంకా ఉన్నది. కింద "మన గ్రంథాలయం ఉచిత కార్యక్రమములలో ఉత్సాహంగా పాల్గొనుచున్న మహిళా పాఠకులు" అని పెద్ద అక్షరాలతో రాసినారు.

సిగ్గు లేకపోతే సరి!

పై మాట కొట్టివేయమని మా ఆయన అంటున్నారు. కొట్టివేయను.

6. ఉండబట్టలేక నేను జగన్నాధం గారికి ఫోను చేసినాను. సంగతంతా విని ఆయన, "ఆ నవల నాకు బాగా గుర్తుందమ్మా. ఆవిడకి ఫోనివ్వు, మిగతా కథ నేను చెప్తాను" అన్నారు. సంతోషంగా అసిరమ్మ ఇంటికి పరిగెత్తినాను. ఆమె వాకిట్లో వంకాయలు ఏరుతున్నది. ఫోను చెవి దగ్గర పెట్టినాను. ఆయన గొంతు గుర్తుపట్టి, కొంగు తల మీదికి లాక్కున్నది. ఆయన కథ మొదలుపెట్టబోయేసరికి ఆపేసింది.

"వద్దు బాబూ, సెప్పకండి. మీ మీద కోపం నేదు. నాను ఆ గదిలోనే ఇంటాను. నన్ను తోలేసిన కాడే కూకొని ఇంటాను. అందాకా నాకొద్దు."

ఫోను నా చేతికిచ్చి మళ్లీ వంకాయల దగ్గర కూర్చున్నది. వినాలని ఆమెకు ఎంత ఉన్నదో నాకు తెలుసు. ఆ మాటతో నాకు కళ్లనీళ్లు వచ్చినవి. ఇంటికి వచ్చి ఈ అర్జీ మొదలుపెట్టినాను.

కావున తమరు దయయుంచి,

అసిరమ్మ మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీయించవలెను. ఆ ఫ్లెక్సీ దింపించవలెను. హాల్లోని షామియానా సామాను ఎవరిదో వారింటికి చేర్పించి, ఆదివారపు కార్యక్రమములు మునుపటివలె జరిపించవలెను. వినోద్ గారు అసిరమ్మను తామే స్వయంగా పిలిచి, ఫొటోగ్రాఫరు లేకుండా, కుర్చీ వేసి కూర్చోబెట్టవలెను. ఆయనకు వీలైతే ఆయన కూడా కూర్చుని వినవలెను. కథ బాగుంటుంది.

గ్రంథాలయము చదువు వచ్చినవారిది మాత్రమే అని తమ శాఖలో ఎక్కడైనా రాసి ఉంటే, ఆ కాగితం మాకు పంపవలెను. లేకపోతే తాళం తీయవలెను. రెండిటిలో ఏదో ఒకటి చేయవలెను. మౌనంగా ఉండుట మాత్రం కుదరదు.

చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రాజకుమారి
నీలాడవలస

తా.క. పై అర్జీ కవరులో పెట్టబోతుండగా అసిరమ్మ బీరకాయలు ఇవ్వడానికి వచ్చి, తన గురించి ఏం రాసినానో చదవమన్నది. మొదటినుంచి చివరిదాకా చదివినాను.  ఆఖర్న, "చిత్తగించడమంటే ఏటమ్మా?" అని అడిగింది. మనసు పెట్టి వినమని బతిమాలడం అన్నాను.

"మరి ఆలు ఇనకపోతే?"

జవాబు కూడా ఆమే చెప్పింది. "కవరులో ఎట్టీకమ్మా. మనమే అట్టుకెల్దాం. నువ్వు గట్టిగా సదువు, ఆల ఆఫీసులో అందరికీ ఇనబడాల."

కావున ఈ అర్జీ పోస్టులో రాదు. సోమవారం మొదటి బస్సుకు మేమందరం వస్తున్నాము.