నాగమ్మ చెంబు

మార్కాపురం, మంగళవారం రాత్రి

డ్యూటీ నుంచి వచ్చి ఇది రాస్తున్నాను.

పోయిన వారం మత్తు డాక్టర్ల శిక్షణలో నా చేతుల్లో, రోగిలా ఊపిరి పీల్చే ఒక బొమ్మ చచ్చిపోయింది. మత్తు ఎక్కగానే దానికి వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. శిక్షణ ఇచ్చే సార్ మీట నొక్కితే మళ్ళీ ఊపిరి పీల్చింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఈరోజు థియేటర్లో తర్లుపాడు నుంచి వచ్చిన నాగమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్.

"రాత్రి నుంచి ఏమైనా తిన్నావా పెద్దమ్మా?"

"మెతుకు ముట్టలేదమ్మా."

మత్తు సిరంజి చేతిలోకి తీసుకున్నాక ఆమె ఒక్కసారి తేన్చింది. పుల్లటి జావ వాసన. తలుపు తీసి చూస్తే కూతురు ఖాళీ చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నం ఏం పెట్టలేదు మేడమ్. ఇందాక జావే తాపినాను. ఖాళీ కడుపుతో కోతకు ఎట్ల పంపేది?"

ఆ తేన్పు ఇంకొక్క నిమిషం ఆగి వచ్చి ఉంటే... నాగమ్మకు మీట లేదు.

ఆపరేషన్ రేపటికి మార్పించాను. ఈ రాత్రి పడుకున్నాక మళ్ళీ నేను చెప్పేదాకా ఏమీ తాపొద్దని, ప్రాణం మీదికి వస్తుందని కూతురికి మళ్ళీ మళ్ళీ చెప్పాను. తలూపింది. నిన్న చెప్పినప్పుడూ ఇట్లాగే తలూపింది.

"మజ్జిగైనా వద్దా మేడమ్? నీరసపడతాది."

భయమేసి ఆ చెంబు అడిగి తెచ్చేసుకున్నాను. ఇదిగో, టేబుల్ మీదే ఉంది.

కానీ వార్డులో ప్రతి మంచం కిందా ఒక చెంబుంది.