విత్తనాల గదిలో డబ్బా

వదినా,

నువ్వు చేను నుంచి వచ్చేలోపే నా బస్సు వెళ్లిపోతుంది, అందుకే రాసిపెడుతున్నా. విత్తనపు శనక్కాయల గదిలో దూలానికి కొత్త డబ్బా కట్టాను. విత్తనం వేసేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. పోయినసారి కొత్త వస్తువని శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టావు. పొడి లోపల పడి పాడైంది. ఈసారి పెట్టాలనిపిస్తే గడపకు పెట్టు.

రాడాన్ అనేది నేలలోంచి, బండల్లోంచి వచ్చే గాలి. వాసన ఉండదు, ఊపిరితిత్తులను చెడగొడుతుంది. అది ఆ గదిలో ఎంత ఉందో డబ్బా చెబుతుంది. ఎక్కువుంటే గోడకు కిటికీ పెట్టిద్దాం. అందాకా నాయన మంచం పంచలో వెయ్యి. కాయలకు కాపలా అని ఆ గదిలోనే పడుకుంటున్నాడు. అడిగితే, "మా నాయన గూడా ఈడే పండుకుంటాండె, ఏమాయ?" అన్నాడు. తాత దగ్గుతోనే పోయాడని నా నోట రాలేదు. నువ్వు చెబితే వింటాడు.

తిప్పేష్

మరిచాను. కుంకుమ పెట్టిన డబ్బా ఫొటో నెట్ సెంటర్‌లో మా ఆర్కుట్ గుంపులో పెట్టాను. ఇళ్లలో ఈ డబ్బా కట్టించుకోమని నేనడిగితే అంతవరకు ఎవరూ పలకలేదు. ఇప్పుడు పామిడి నుంచి ఒకామె, "మా ఇంటికీ ఒకటి పంపప్పా, కుంకుమ పెట్టంలే" అని రాసింది. ఇంకా చాలామంది అడుగుతున్నారు. నీ మీద కోప్పడ్డాను గానీ, వాళ్లంతా నువ్వు డబ్బాకు పెట్టిన బొట్టు చూసి అడిగినవాళ్లే.