అమ్మనే ఎదురు రమ్మను

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా కూడా బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? రాత్రుళ్ళు నూనె రాస్తున్నావా? మొన్నటి అలలకి ఉప్పాడలో గట్టు ఇంకొంచెం పోయిందని ఎవరో స్టేటస్ పెట్టారు. మన వీధి దాకా రాలేదు కదా? ఫోన్ చెయ్యట్లేదని తిట్టకు. ఫోన్లో నాకు మాట రాదు, నీకు తెలుసు. వాయిస్ పెడితే ఏడుస్తున్నట్టు ఉంటది. అందుకే టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని అమ్మకి చదివి వినిపించు. ఏదీ వదలొద్దు.

నీ మెసేజ్ చూశాను. సోమవారం కాకినాడ బట్టల షాపులో చేరుతున్నావని చదివి ఎగిరి గంతేశాను. కింద లైను చదివాక ఒళ్ళు మండిపోయింది. బయల్దేరేటప్పుడు కాంతమ్మత్తని ఎదురు రమ్మని అడిగావా? ఇంక మనిషే దొరకలేదా నీకు? నేను పుట్టిన వారానికి నాన్న సముద్రంలో పోయాడని, నన్ను చూస్తే చాలు గుమ్మంలోంచి వెనక్కి తిరిగేది ఆవిడ. పిల్లి ఎదురొస్తే ఆగదు గానీ నేనొస్తే ఆగుద్ది. "ఒరేయ్, అవతల సందులోంచి పోరా, మేం పని మీద వెళ్తున్నాం" అనేది. ఆవిణ్ణి చూసి వీధంతా నేర్చుకుంది. అమ్మనైతే ఎవరూ అనక్కర్లేదు, తనే తలుపు చాటుకి పోద్ది. నువ్వు పరీక్షకి వెళ్ళిన రోజు కూడా వంటింట్లోనే నిలబడింది. నాకు గుర్తుంది.

ఇక్కడేం జరిగిందో చెప్తాను, చదువు.

మా హోటలు ఢిల్లీకి నడిబొడ్డున ఉంటది. నన్ను ముందు తలుపు దగ్గర పెట్టారు. తలుపు తియ్యాలి, సలాం కొట్టాలి, బయటికెళ్ళే ప్రతివాళ్ళనీ "ఎక్కడికి వెళ్తున్నారు సర్" అని అడగాలి. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగడమేంటక్కా! మనింట్లో అయితే చెంప పగిలేది. ఎందుకో తెలుసా? వాళ్ళు చోటు పేరు చెప్పగానే కార్ల కుర్రాడొచ్చి కారు అంటగడతాడు. ప్రతి గదిలో ఒక రంగుల కార్డు ఉంటది. చుట్టుపక్కల చూడాల్సినవి బొమ్మలేసి, నడిస్తే ఎంతసేపో అంకెలు కూడా వేశారు. జంతర్ మంతరు, పాతకాలం మెట్లబావి, హనుమంతుడి గుడి, కోనేరున్న గురుద్వారా, అన్నీ నడిచెళ్ళే దూరమే. ఇండియా గేటుకి మాత్రం ఆటో కావాలి. ఆ కార్డు వేసిందీ వీళ్ళే, కిందకి దిగాక "అబ్బో, చాలా దూరం సర్" అనేదీ వీళ్ళే. సిగ్గుండాలి.

నేను అడిగేవాణ్ణి కాదు. నాకు సిగ్గెక్కువనుకుని ఊరుకునేవారు. తిరిగొచ్చాక మాత్రం ఎలా ఉందని అడిగేవాణ్ణి. అలా ఒక్కటీ చూడకుండానే నాకన్నీ తెలిసిపోయాయి.

ఆమధ్య రామచంద్రపురం నుంచి ఒక మామ్మగారు, తాతగారు దిగారు. అక్కడ వాళ్ళకి కిరాణా కొట్టు ఉందంట. తాతగారి గుండె చూపించడానికి పెద్దాసుపత్రికి వచ్చారు. డాక్టరు గారు ఊళ్ళో లేరు, ఆగమన్నారంట.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నారు మామ్మగారు.

"ఉప్పాడండి."

"ఉప్పాడే! నా పెళ్ళిచీర మీ ఊళ్ళో నేసిందేరా!"

కార్ల కుర్రాడు వాళ్ళని జంతర్ మంతరుకి కారెక్కించి ఊరంతా తిప్పి దించాడు. దిగి చూస్తే మా హోటలు బోర్డు అక్కడికే కనపడుతోందంట. తిరిగొచ్చి మామ్మగారు "మా ఆయనకి గుండె జబ్బురా, వీళ్ళ కారుకి తిరుగుడు జబ్బు" అన్నారు. మర్నాడు మెట్లబావికి నేనే చేత్తో దారి చూపించాను. నడిచే వెళ్ళారు. తాతగారు పైనే కూర్చున్నారంట. "అన్ని మెట్లు దిగితే చుక్క నీళ్ళు లేవు, పావురాలున్నాయి" అన్నారు మామ్మగారు. "మన పంటకాలవకి టిక్కెట్టు పెడితే వీళ్ళంతా వరస కడతారే" అన్నారు తాతగారు.

ఆసుపత్రికెళ్ళే రోజు ఫైలు పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు. ఆపరేషను చెయ్యాలో వద్దో ఆ రోజే చెప్తారు. మేనేజరు నా వెనకే ఉన్నాడు. అడుగు, అడుగు అని వీపులో పొడిచాడు. నేను అడగలేదు. ఆయనే ముందుకొచ్చి "ఎక్కడికి సర్? ఇండియా గేటుకా? కారు కావాలా?" అన్నాడు. మామ్మగారి మొహం నల్లబడిపోయింది. గడప మీద ఆగిపోయారు.

ఎలా వచ్చిందో నోరు, "కూర్చోండి మామ్మగారూ, మంచినీళ్ళు తెస్తాను" అన్నాను. ఇద్దరూ కూర్చుని తాగారు. అప్పుడు మామ్మగారు "నువ్వు ఎదురు రా నాన్నా" అన్నారు.

"నేనొద్దండి. నా ఎదురు మంచిది కాదంటారు మా ఊళ్ళో."

"ఎవరన్నారు?"

"అందరూనండి."

"అందరూ అంటే ఎవత్తో ఒకత్తై ఉంటది. వెళ్ళిరా."

బయటికెళ్ళి ముందు తలుపులోంచే ఎదురొచ్చాను. పనివాళ్ళు ముందు తలుపులోంచి రాకూడదంట, మేము వెనక సందులోంచే రావాలి. మేనేజరు అక్కడే తిట్టి నన్ను బట్టలుతికే చోటికి పంపేశాడు. ఉద్యోగం పోలేదు, కంగారు పడొద్దని అమ్మకి చెప్పు.

ఆ రోజంతా తాతగారికేమన్నా అయితే కాంతమ్మత్త మాటే నిజమవుద్దని భయం. సాయంత్రం మామ్మగారు తలుపు దగ్గర కుర్రాడేడి అంటే ఎవరూ చెప్పలేదంట. వెతుక్కుంటూ వెనక సందులోకి వచ్చేశారు. "కొయ్యక్కర్లేదన్నార్రా, మందులు చాలన్నారు" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. "రేపు మా ట్రైనుకి కూడా నువ్వే ఎదురు రావాలి. కారు ఈ సందులోకే రమ్మంటాను" అన్నారు.

అన్నట్టే తెప్పించారు. సందులోకి కార్లు రావంటే, "మేం ఎక్కడెక్కితే మీకెందుకయ్యా" అన్నారంట మేనేజర్ని. నేను ఉతికిన దుప్పట్లు రెండు చేతుల మీదా మోస్తూ ఎదురొచ్చాను. "ఉతికిన బట్టలతో వచ్చాడండీ, ఇంకేం కావాలి!" అని తాతగారికి చూపించారు.

నావల్ల తాతగారికి నయమైందని నేననట్లేదక్కా. మంచి నావల్ల కానప్పుడు చెడు మాత్రం నావల్ల ఎలా అయ్యింది? అమ్మ వల్ల ఎలా అయ్యింది? నాన్న పోయింది తుఫానుకి. మనం కూడా వాళ్ళలాగే నమ్మేసి ఇన్నేళ్ళూ అమ్మని చాటునే ఉంచేశాం.

సోమవారం అమ్మనే ఎదురు రమ్మను. చేతిలో నీళ్ళ చెంబు పెట్టు. కాంతమ్మత్త వస్తే కుర్చీ వేసి టీ ఇవ్వు, చూడమను. అమ్మ తలుపు చాటుకి పోతే నువ్వు గుమ్మం దిగకు. బస్సు పోతే పోనీ, ఇంకోటి వస్తది.

ఇక్కడ చలి బాగా ఉంది, రెండు చొక్కాలు వేసుకుంటున్నాను. రోజూ రాజ్మాయే. ఎవరన్నా ఇటొస్తే ఆవకాయ పంపు. అమ్మ కాళ్ళకి నా దణ్ణం పెట్టు, నన్ను దీవించమను. పక్కింటి మేస్త్రి తాతని అడిగానని చెప్పు.

బస్సెక్కాక మెసేజ్ పెట్టు. ఎదురు ఎవరొచ్చారో అదొక్కటి రాయి చాలు.

నీ తమ్ముడు
సూరిబాబు