చల్లబుగ్గ గుడి మెట్లు

దూజ్యాంగ్‌యాన్,
ఏప్రిల్ 8

ప్రియమైన తమ్ముడు యువాన్‌కి,

నీకు సన్యాసం పేరు వేరే ఉందని తెలుసు. కానీ పదేళ్లు కావస్తున్నా అది నాకు నోరు తిరగదు. కవరు మీద ఆ పేరే రాస్తాను, లోపల మాత్రం నువ్వు యువాన్‌వే.

మొన్న నీళ్లు వదిలే పండగ జరిగింది. నదికి అడ్డంగా నిలబెట్టిన మూడుకాళ్ల దుంగల్ని గొడ్డళ్లతో నరికి, తాళ్లు కట్టి ఒడ్డు మీంచి లాగారు. నీళ్లు కాలవలోకి దూకగానే జనం కేకలు. రాళ్లు నింపిన వెదురు బుట్టల్ని చూసి నాన్న ఏమనేవాడో గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. "ఇది అల్లికా, కాకి గూడా?" అనేవాడు కదా.

నిన్నటి బస్సులో నలభై ఒక్కమంది వచ్చారు. చేప మూతి దగ్గర, నది రెండుగా చీలే చోట నిలబెట్టి ఎప్పటిలాగే నా గైడు పాఠం చెప్పాను. రిటైరయిన మేష్టారు ఒకాయన నోరు తెరిచేశాడు. "సిమెంటు లేదు, ఇనుము లేదు. ఈ గట్టు రెండువేల రెండొందల ఏళ్లు ఎలా నిలిచిందమ్మా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే వాళ్లావిడ అందుకుంది. "మన వంటింట్లో పంపు రెండేళ్లు నిలవలేదు. ఆ కట్టినాయన అడ్రసు కనుక్కోండి." బస్సంతా మధ్యాహ్నం దాకా అదే చెప్పుకుని నవ్వింది.

నెల మొదట్లో గుడి ఆఫీసు నుంచి ఫోన్ చేస్తావు కదా, ఇక చెయ్యకు. తాళ్ల వంతెన మీద ఎవరో తగిలితే నా ఫోన్ నదిలో పడింది. గొంతు కూడా కాస్త పట్టేసింది, ఈ రోజుల్లో మామూలే. రోజంతా అరిచి ఇంటికొచ్చాక మాట్లాడబుద్ధి కావటం లేదు. ఉత్తరం రాయి. నీ దస్తూరీ చూసి ఎన్నాళ్లయిందో.

నీ అక్క,
చ్యోంగ్

*

చల్లబుగ్గ గుడి, చింగ్‌చెంగ్ కొండ,
మే 20

ప్రియమైన అక్కా,

ఉత్తరం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇక్కడ నేను రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. చేతికీ అదే అలవాటైంది.

పన్నెండో తారీఖున నీ మరదలు హుయ్‌లాన్ కోసం దీపం పెట్టాను. భూకంపం వచ్చి పదేళ్లు. ఆ మధ్యాహ్నం రెండున్నరకి తను ఇంట్లో ఉంది, నేను గట్టు మీద పనిలో ఉన్నాను. అంతే తేడా. మా గురువుగారు వచ్చి దీపంలో నూనె పోసి వెళ్లారు.

ఒక సంగతి చెప్పాలి. ఈ శీతాకాలం ఈశాన్యాన ఒక పెద్ద ఆశ్రమంలో పూర్తి దీక్ష ఇస్తున్నారు. మా కొండ నుంచి నలుగుర్ని ఎంచుకున్నారు, అందులో నేనొకణ్ణి. దీక్ష అయ్యాక కనీసం మూడేళ్లు అక్కడే ఉండాలి. రైల్లో రెండు రోజుల దారి. దీనికి ఇంటి పెద్ద ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. నాకు ఇంటి పెద్దవి నువ్వే. కాగితం ఈ కవర్లో పెట్టాను.

సంతకం కోసమైనా పైకి వస్తావేమో అనుకున్నాను. రోజూ కొండ ముఖద్వారం దాకా జనాన్ని తెస్తావు. అక్కణ్ణుంచి వెనక దారిలో గంట నడక. నాన్న పోయాక నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఎందుకో నాకు తెలుసు. అయినా ఎదురుచూడటం మానలేదు.

తమ్ముడు,
యువాన్

*

దూజ్యాంగ్‌యాన్,
జులై 29

ప్రియమైన తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది. సీజను కదా, ఊపిరి సలపటం లేదు. రోజూ బస్సే.

పన్నెండో తారీఖున వచ్చిన గుంపు సంగతి వింటే నవ్వుతావు. ఒకావిడ తాళ్ల వంతెన మధ్యలో కూర్చుండిపోయింది. "నేను ముందుకీ రాను, వెనక్కీ పోను, నాకు అన్నం ఇక్కడికే పంపండి" అంది. నేను చెయ్యి పట్టుకుని, పాట పాడుతూ దాటించాను. మధ్యాహ్నం కొండ కింద పొగపెట్టిన పంది మాంసం, గింకో చెట్టు గింజలు వేసిన కోడికూర. ఆవిడ రెండు గిన్నెలు తిని, "ఈ పాట గైడమ్మకి ఎక్స్‌ట్రా ఇవ్వండి" అని హోటలు ఓనరుకి చెప్పింది.

నీ కాగితం డ్రాయర్లో ఉంది. తీస్తాను, చూస్తాను, పెట్టేస్తాను.

కోపంగా ఉన్నానా అంటే ఉన్నాను. నాన్న పోయిన రోజు శవం పక్కన కొడుకు నిలబడాల్సిన చోట నేను నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా తలుపు వైపే చూశారు. "తమ్ముడు దారిలో ఉన్నాడు" అని మూడు రోజులు చెప్పాను. నాలుగో రోజు ఎవరూ అడగలేదు, దానికే ఎక్కువ బాధేసింది. నీకు దేవుళ్లు ఎక్కువైతే అవుగాక. నాన్న ఆఖర్న నీ పేరే పిలిచాడు. ఇది ఇన్నాళ్లూ నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి నాకు మనశ్శాంతి వస్తుందనుకున్నాను, రాలేదు.

చొక్కాలు రెండు పంపుతున్నాను. లోపల వేసుకో.

అక్క

*

చల్లబుగ్గ గుడి,
ఆగస్టు 17

ప్రియమైన అక్కా,

చొక్కాలు అందాయి. ఉత్తరం కూడా అందింది. దాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకుని పొయ్యి ఊడ్చాను, నీళ్లు మోశాను.

నాన్న పోయిన కబురు నాకు పొద్దున్నే వచ్చింది. గురువుగారు అప్పటికప్పుడే వెళ్లమన్నారు. ఎవరూ ఆపలేదు. మూట కట్టుకుని కొండ దిగి బస్టాపు దాకా వచ్చాను. బస్సు వచ్చింది. బోర్డు మీద మన ఊరి పేరు చూశాను. శిథిలాల్లోంచి హుయ్‌లాన్‌ని తీసిన వీధి దాటకుండా ఇంటికి వెళ్లే దారి లేదు కదా. కాలు లేవలేదు. నాలుగు బస్సులు పోయాయి. సాయంత్రం మళ్లీ కొండెక్కాను. వాన వల్ల దారి మూసుకుపోయిందని నీకు ఫోన్లో చెప్పాను. అబద్ధం. దేవుడు అడ్డం రాలేదక్కా, నేనే పిరికివాణ్ణి.

ఇది చదివాక సంతకం పెట్టకపోయినా నేనేమీ అనుకోను.

ఒక్క చిన్న అనుమానం. జులై రెండో వారమంతా నది పొంగి తాళ్ల వంతెన మూసేశారని ఇక్కడికి వచ్చిన యాత్రికులు చెప్పారు. నువ్వు పన్నెండో తారీఖు అని రాశావు. తేదీ తప్పు పడి ఉంటుంది. ఒంట్లో బాగానే ఉందా?

తమ్ముడు,
యువాన్

*

దూజ్యాంగ్‌యాన్,
సెప్టెంబర్ 24

ప్రియమైన యువాన్‌కి,

సంతకం పెట్టాను. కాగితం ఇందులో ఉంది.

బస్టాపు సంగతి రాయటం మంచిదైంది. వాన అన్నప్పుడే నమ్మలేదు. ఆ రోజు ఇక్కడ ఎండ కాసింది.

తేదీలు నాకెప్పుడూ గుర్తుండవు. ఒంట్లో బాగుంది. నువ్వు వెళ్లు. అక్కడ చలి ఎముకలు కొరుకుతుందట, దూది కోటు కొనుక్కో. బయల్దేరే ముందు నన్ను చూడాలని దిగి రావద్దు. జాతీయ సెలవులు మొదలవుతున్నాయి. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే రాత్రికి గానీ దిగను. వచ్చినా నేను దొరకను.

అక్కడికి వెళ్లాక అడ్రసు పంపు.

నీ అక్క

*

చల్లబుగ్గ గుడి,
అక్టోబర్ 16

ప్రియమైన అక్కా,

వద్దన్నా వచ్చాను.

నిన్న జుట్టు ముడి మీద టోపీ పెట్టుకుని, మామూలు బట్టలు వేసుకుని దిగాను. ఆ వీధి గుండానే నడిచాను. అక్కడిప్పుడు పళ్లరసాల కొట్టు ఉంది. ఒక నిమిషం నిలబడితే కొట్టువాడు "ఏం కావాలి బాబాయ్?" అన్నాడు. కివీ రసం తాగి ముందుకి వెళ్లాను.

ఏడున్నర బస్సుకి టికెట్టు కొన్నాను. నీకు చెప్పకుండా ఆఖరి సీట్లో కూర్చుని రోజంతా నీ మాటలు వినాలనుకున్నాను. జెండా పట్టుకుని ఎక్కింది ఎవరో పాతికేళ్ల అమ్మాయి.

"షియాంగ్ గైడు రాలేదా?" అని మన ఇంటిపేరుతో అడిగాను.

"చ్యోంగ్ అక్కా? ఆవిడ మానేసి ఆర్నెల్లయింది. గొంతులో ఆపరేషన్ అయింది కదా. మాట పోయింది. మీరు ఆవిడ పాత కస్టమరా?"

అవునన్నాను.

"అందరూ ఆవిణ్ణే అడుగుతారు," అందా పిల్ల, కాస్త చిన్నబుచ్చుకుని. "నేను చెప్పేదంతా ఆవిడ రాసిచ్చిన నోటుబుక్కే. వినండి, బాగానే చెబుతాను."

బాగానే చెప్పింది. వేసవిలో నీళ్లు ఏ పాయలోకి ఎంత వెళతాయో, వరద తెచ్చిన ఇసుక ఎక్కడ బయటికి పోతుందో, అంతా నీ వరసలోనే. నువ్వు గైడు పరీక్షకి చదువుకుంటూ వంటింట్లో నా ముందు గరిటె పట్టుకుని చెప్పిన మాటలే. నేను తల దించుకుని నిలబడ్డాను.

దక్షిణ వంతెన దగ్గర టీ తాగటానికి అరగంట ఆపారు. అక్కడ నిన్ను చూశాను. నువ్వు కప్పులు కడుగుతున్నావు. పేకాడుతున్న ముసలాయన "మూగమ్మా, వేణ్ణీళ్లు" అని కేకేశాడు. నువ్వు కెటిల్ తీసుకుని నవ్వుతూ వెళ్లావు. మెడకి రుమాలు కట్టుకున్నావు. ఇరవైరెండేళ్లు ఆ ఊరికే గొంతుగా ఉన్న మనిషివి. నేను వంతెన స్తంభం పక్కన నిలబడి చూశాను. ఈసారీ కాలు లేవలేదు. నన్ను చూస్తే నువ్వు పారిపోతావేమో అని ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం నువ్వే ఊహించుకో.

మిగతా యాత్ర కూడా చేశాను. నా కొండకి నేనే యాత్రికుణ్ణయ్యాను. పడవలో నీళ్లు దాటి ముఖద్వారం చేరాం, దేవదారుల కింద ఫోటోలు దిగారు. ద్వారం దగ్గరి గుడి ముందు ఆ పిల్ల అంది, "ఇక్కడి సన్యాసులకి ఇంటి మీద బెంగ ఉండదండీ. అన్నీ వదిలేసి హాయిగా ఉంటారు." పక్కాయన నాతో, "మనకి అంత అదృష్టం లేదు కదండీ" అన్నాడు.

నువ్వు సంతకం పెట్టిన కాగితం గురువుగారికి ఇవ్వలేదు. ఈసారికి వెళ్లనని చెప్పాను. "అక్క కోసం ఆగుతున్నావా, భయపడి ఆగుతున్నావా?" అనడిగారు. తెలియదన్నాను. "తెలుసుకుని చెప్పు, ఇంకా పక్షం రోజులుంది" అన్నారు.

అక్కా, నువ్వు ఎందుకు దాచావు?

యువాన్

*

చల్లబుగ్గ గుడి కింద, మెట్ల మీద,
అక్టోబర్ 27

ప్రియమైన తమ్ముడు యువాన్‌కి,

ఇది పోస్టులో వెయ్యటం లేదు. మొక్కజొన్న పొత్తులు అమ్మే హు పిన్ని చేత పైకి పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివి వారం రోజులు మండిపడ్డాను. ఎవరికీ వినపడేట్టు తిట్టలేను కాబట్టి కప్పుల మీద చూపించాను. రెండు పగిలాయి.

ఎందుకు దాచావన్నావు. నీ కాగితమూ నా కాగితమూ ఒకే నెలలో వచ్చాయి. నీది డ్రాయర్లో పెట్టాను. నాది ఆస్పత్రివాళ్లు ఇచ్చారు. గొంతు కోసే ముందు ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. "భర్త?" లేడు. "పిల్లలు?" లేరు. "అన్నదమ్ములు?" అనడిగింది నర్సు. ఉన్నాడని చెబితే నువ్వు వచ్చేవాడివి. వచ్చి, ఇక వెళ్లేవాడివి కాదు. జీవితంలో హుయ్‌లాన్ తర్వాత నీకు కావాల్సిన మొదటి సంగతి ఆ దీక్ష. లేడని తల ఊపాను. టీ కొట్టు ఓనరమ్మ "చెల్లెలు" అని రాసి సంతకం పెట్టింది. అక్కడ తల ఊపిన క్షణమే నన్ను ఎక్కువ బాధ పెట్టింది, కత్తి కాదు.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని, జరగని యాత్రలు నీకు రాశాను. రాస్తున్నంతసేపూ నా గొంతు నాకు వినపడేది. వంతెన మీద కూర్చున్నావిడ నిజమే, కాకపోతే ఆరేళ్ల కిందటి మాట. నీకు అబద్ధం రాసినందుకు క్షమించమని అడగను. నువ్వు వాన అన్నావు, నేను బస్సు అన్నాను.

ఇప్పుడు నా మాట విను. నామీద జాలితో ఆగితే నీ మొహం చూడను. నిజంగా వెళ్లాలని లేకపోతే మానెయ్యి, అది వేరు. మీ గురువుగారికి ఏం చెబుతావో నాకు అనవసరం. నాకు కప్పులు కడిగే పని బాగానే ఉంది. ఆ ముసలాళ్లు నన్ను మూగమ్మ అనటంలో ఎగతాళి లేదు, రోజూ నా కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. సాయంత్రాలే కష్టం. తలుపు తీశాక ఎవరినీ పిలవాల్సిన పని ఉండదు.

ఇరవైరెండేళ్లు జనాన్ని ఈ కొండ ముఖద్వారం దాకా తెచ్చి, వెనక్కి తిప్పి తీసుకెళ్లాను. ఈ వెనక దారిలో ఇవాళే నడిచాను. గంట అన్నావు, నాకు మూడు గంటలు పట్టింది. డోలీవాళ్లు ఇద్దరు "ఎక్కండమ్మా, తేలిగ్గానే ఉన్నారు" అని వెంటపడ్డారు. నడిచే వస్తానని చేత్తో చెప్పాను. చివరి మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోయాయి. పైనించి గంట మోగుతోంది, ఎవరో ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అది నువ్వో కాదో తెలియదు. పిలవలేను.

అందుకని ఇక్కడే కూర్చున్నాను. పొత్తు తింటున్నాను. ఇది చదవటం అయ్యాక దిగి రా. నిన్ను చూడగానే ఏడిస్తే చప్పుడు రాదు, కంగారుపడకు. పరిగెత్తొద్దు, మెట్లు నాచు పట్టి ఉన్నాయి.

నీ అక్క,
చ్యోంగ్