పలకని వైర్‌లెస్ సెట్

అశోక్ నగర్
14-11-2011

బాపూ, నా జ్వరం పూర్తిగా తగ్గింది, రంది పెట్టుకోకు.

మొన్న నారాయణగూడలో మా ఎన్‌సీసీ సిగ్నల్స్ పరీక్ష జరిగింది. నేను బిగించిన వైర్‌లెస్ సెట్‌లో గురగుర తప్ప మాట వినిపించలేదు. బ్యాటరీ మార్చినా అంతే. ముందురోజు ఆ పెట్టె నాతో చదివే చిక్కడపల్లి అమ్మాయి హారతి దగ్గర ఉంది. ఢిల్లీ క్యాంపుకు మా ఇద్దరిలో ఒక్కరినే పంపుతారు. నేను తిప్పలు పడుతుంటే ఆమె చూపు తిప్పుకుంది. నాకు అనుమానం గట్టిపడింది.

"నువ్వే ఏదో చేసినవ్, నాకు తెల్వదా?" అని అందరి ముందే అన్నాను.

"నేను మూత కూడా తీయలేదు మహేశ్వరీ," అంటూ ఏడ్చేసింది.

మాకు నేర్పే హవల్దారు గారు వచ్చి చూశారు. ఏరియల్ తీగ కట్టాల్సిన చోట భూమిలోకి పోయే తీగ కట్టి ఉంది.

"ఇది ఎవరు కట్టిండ్రు?" అన్నారు.

ముడి చూడగానే గుర్తుపట్టాను. నువ్వు మిలటరీలో నేర్చుకొని నాకు నేర్పిన ముడి అది. ఇక్కడ ఇంకెవరికీ రాదు. నేనేనని ఒప్పుకొని, హారతిని క్షమించమని అడిగాను. ఢిల్లీకి ఆమే వెళ్తోంది. ఇప్పుడు నేను కట్టిన ప్రతి తీగనూ ఆమె మళ్లీ విప్పి చూసుకుంటోంది.

కొత్త బోరులో నీళ్లు పడ్డాయా? నీ పాత సిగ్నల్స్ నోటుబుక్కు పంపు, హారతికి ఇవ్వాలి. అమ్మకు, లక్ష్మవ్వకు నా దండాలు.

నీ బిడ్డ
మహేశ్వరి