రైలాపిన మనిషిని ఆపడం

స్టేషన్ ఘన్‌పూర్,
శ్రావణం, 1984

చిరంజీవి సుమిత్రకు నీ మేనత్త కమలాదేవి దీవెనలు.

ఇన్నాళ్లూ మీ బాపు రాసే ఉత్తరం చివర "అత్తమ్మ దీవెనలు" అన్న రెండు మాటల్లోనే నేను ఉండేదాన్ని. ఈసారి నేనే కలం పట్టాను. ఎందుకంటే మీ బాపు ఉత్తరం రాసేలా లేడు, నేరుగా బయలుదేరేలా ఉన్నాడు.

మహబూబాబాద్ ఉపేందర్ పట్నం పోయి వచ్చాడు. నువ్వు పిచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుని, అక్కడి రోగితో ఒకే పళ్లెంలో తింటున్నావట. "పిలిస్తే మీదికొస్తదేమోనని పిలువలే అక్కా" అన్నాడు. అది విన్నప్పటి నుంచి మీ బాపు "యూనివర్సిటీల చదువుతున్నదనుకుంటున్నం. దిమాక్ ఖరాబై దవాఖానల పడ్డదని మనకు చెప్తలేదు" అంటున్నాడు. బోనాలు కాగానే నిన్ను ఇంటికి తెస్తాడట.

అసలు సంగతేమిటో దాచకుండా రాయి.

నీ మేలు కోరే
అత్తమ్మ

తా.క. మీ అమ్మ చిల్పూరు బుగులు వెంకటేశ్వరస్వామికి నీ జడ మొక్కుకుంది. నీకు బాగానే ఉంటే తొందరగా రాయి, జడ దక్కవచ్చు.

*

హైదరాబాద్

పూజ్యురాలైన అత్తమ్మకు సుమిత్ర నమస్కారాలు.

నాకేమీ కాలేదు. మా ఎం.ఏ.లో వారానికి కొన్ని రోజులు మానసిక దవాఖానలో పని నేర్చుకోవాలి. మందులు ఇచ్చేది డాక్టర్లు. రోగుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పేది వినడం, ఇంటివాళ్లతో మాట్లాడటం మా పని. ఉపేందర్ మామ చూసింది తుల్సీబాయిని, మానుకోట దగ్గరి తండా మనిషి. ఆమెకు నయమై ఏడాది దాటింది. ఇంటి నుంచి ఎవరూ రాక అక్కడే ఉండిపోయింది. తోడు కూర్చుంటే గాని ముద్ద ముట్టదు. వాళ్ల అన్నకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాను.

ఒక సాయం కావాలి. అమ్మవారు ఒంటి మీదికి వచ్చి ఊగే శిగం గురించి నేనొక వ్యాసం రాయాలి. ఇంట్లో మాట చెల్లని ఆడవాళ్ల నోటికి కొన్నిసార్లు శిగమే మాట ఇస్తుందని మా సారు అంటారు. మన ఓదెమ్మకు ఏటా శిగం వస్తుంది కదా, ఆమెను మెల్లగా అడుగుతావా?

నీ
సుమిత్ర

తా.క. అమ్మను మొక్కు కొబ్బరికాయకు మార్చమను. లేదా తన జడ ఇయ్యమను.

*

స్టేషన్ ఘన్‌పూర్

చిరంజీవి సుమిత్రకు శుభం కలగాలి.

నీ ఉత్తరం చదివి వినిపించడమే నా తప్పయింది. మీ బాపు అంతా విని, "వినుడుకు గూడ ఎం.ఏ.నా? మన కమల ముప్పై ఏండ్ల సంది వింటనే ఉన్నది, ఆమెకు ఎవడిచ్చిండు పట్టా?" అన్నాడు. పోనీ, అక్కడితో ఆగలేదు. తుల్సీబాయి సంగతి రాగానే లేచి నిలబడ్డాడు. "చూసినవా, నయమైనా పంపుతలేరట. పిల్లను గట్లనే ఆపిన్రు" అన్నాడు. ఉపేందర్‌నూ, ఇద్దరు గట్టి మనుషులనూ తోడు తెస్తున్నాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఇదే స్టేషన్లో పట్టాల మీద కూర్చుని రైలు ఆపిన మనిషి. ఆయన్ను నేనెలా ఆపను?

ఓదెమ్మను అడిగాను. "శిగంల నేనేమంటనో నాకెర్కనా దొరసానీ" అంది. దగ్గరున్న ఆమె అత్త అందుకుంది: "నాకెర్కే. పోయినేడు ఇల్లు కప్పియ్యమన్నది తల్లి. అంతకుముందు కోడలిని తల్లిగారింటికి తోలమన్నది. మా తల్లికి ఈ ఇంటి మీదనే కన్ను."

అయినా సుమిత్రా, అమ్మవారిని అలా అనకూడదు. మీ సారును చెంపలు వేసుకోమను.

అత్తమ్మ

తా.క. ఆయన వేసుకోరేమోనని ఆయన తరఫున నేనే వేసుకున్నాను. ఓదెమ్మ మొగుడు వారం తిరగకుండా ఇల్లు కప్పించిన మాట మాత్రం నిజం.

*

హైదరాబాద్

అత్తమ్మా, నమస్కారం.

తొందరలో రాస్తున్నాను. వచ్చే వారమే పరీక్షలు. ఇప్పుడు బాపు తీసుకుపోతే మళ్లీ పంపడు, నా చదువు ఇక్కడితో సరి. తుల్సీబాయి అన్న టీక్యా చివరికి జవాబిచ్చాడు, శుక్రవారం వస్తాడట. దవాఖాన అంటే భయమట, నేను గేటు దగ్గర ఉంటేనే లోపలికి వస్తానన్నాడు. నేను లేకపోతే అటు నుంచి అటే వెళ్లిపోతాడు.

బాపు ఎవరి మాటా వినడని తెలుసు. ఒక్కసారి నువ్వు చెప్పి చూడు.

సుమిత్ర

తా.క. జడ ఇంకా ఉంది.

*

స్టేషన్ ఘన్‌పూర్,
బోనాల రాత్రి

నా తల్లి సుమిత్రకు,

నువ్వు చెప్పమన్నావు. మీ మామయ్య పోయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను గట్టిగా తుమ్మింది కూడా లేదు. మూడుసార్లు మీ బాపు ముందుకు పోయి, మూడుసార్లూ చాయ్ కావాలా అని అడిగి వచ్చాను.

ఈరోజు పోచమ్మ గుడి ముందు అందరం ఓదెమ్మ కోసం చూస్తున్నాం. డప్పులు మోగుతున్నాయి. ఓదెమ్మ ఊగలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. ఇంతలో నా తల మీది బోనం కదిలింది. ఎవరో అందుకున్నారు. తర్వాత ఒక పెద్ద గొంతు వినబడింది. అది నా నోట్లోంచే వస్తోంది.

"రామ్మోహనూ, నా బిడ్డ చదువు మాన్పిస్తవారా?"

డప్పులు ఆగిపోయాయి. దొరల ఇంట్లో ఎవరికీ శిగం వచ్చిన ఆనవాలు లేదు. మీ బాపు తువాలు తీసి నడుముకు చుట్టుకుని, చేతులు జోడించి నా ముందుకు వచ్చాడు.

"ఏం కావాలె తల్లీ?" అన్నాడు.

సుమిత్రా, యాభై ఏళ్లలో నా అన్న నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. అమ్మవారు ఏడుస్తోందని ఊరంతా ఏడ్చింది.

"మందిని తోల్కపోకు. ఒక్కనివే పో. దాని పక్కపొంటి కూసొని, అది చెప్పేది సాంతం విను. ఎం.ఏ. అయ్యేదాక దాని జోలికి రాకు. జడ ఎవ్వలికీ వద్దు" అంది ఆ గొంతు.

"అట్లనే తల్లీ, తప్పైంది" అని నా కాళ్లకు నీళ్లు పోశాడు.

ఇంటికి వచ్చి దీపం వెలిగించి అమ్మవారిని అడిగాను, వచ్చింది నువ్వా, మాట్లాడింది నేనా అని. నన్ను మెట్రిక్‌తో మాన్పించిన నాడు ఎందుకు రాలేదని కూడా అడిగాను. తల్లి ఏమీ అనలేదు. వినడం ఆమెకూ చదువే కాబోలు.

మీ బాపు రేపు పొద్దున్నే బండికి వస్తున్నాడు, ఒక్కడే. శుక్రవారం గేటు దగ్గర ఆయన్నూ నిలబెట్టుకో. భయపడే అన్నకు ఇంకో అన్న తోడుంటే మంచిది. సకినాల డబ్బాలో అడుగున కాగితం కింద ఈ ఉత్తరం పెడుతున్నాను. ఏం మోస్తున్నాడో ఆయనకు తెలియదు. ఈ కాగితాలు దాచుకో తల్లీ, ఎవరికీ చూపకు. మీ సారుకు అసలే వద్దు, వ్యాసంలో పెడతాడు.

అత్తమ్మ

తా.క. పోచమ్మకు ఎం.ఏ. అంటే ఎట్ల తెలుసని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. ఓదెమ్మ మాత్రం వాకిట్లో చాటుగా పట్టుకుంది. "వచ్చే యేడు నాకు ఇడ్సిపెట్టున్రి దొరసానీ, మా ఇల్లు మళ్ల కురుస్తున్నది" అంది.