పాత పెళ్లికొడుకు పేరు

గురువారం, మే 1999. కామారెడ్డి.

ఎల్లారెడ్డిలో సలీం కొన్న కంప్యూటర్ చూసొచ్చాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. పెళ్లి వీడియోలో ఒక్క లవ్ సింబల్ రావాలంటే నేను ప్రతిసారీ రెండు వీసీఆర్‌లూ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ రికార్డు చేయాలి. వాడు టైటిల్, పూలవాన అన్నీ ఒకసారి చేసి దాచుకున్నాడు. పేర్లు మార్చి మీట నొక్కితే చాలు.

"చాయ్ తాగేలోపల అయిపోతది అన్నా. నువ్వింకా గవే తిప్పుతున్నవా?" అన్నాడు. కడుపు మండిపోయింది.

తప్పు దొరకాలని కొత్త క్యాసెట్ చివరిదాకా చూశాను. దొరికింది. పెళ్లికూతురి పేరు మార్చాడు గాని, పక్కన అంతకుముందు చేసిన పెళ్లిలోని పెళ్లికొడుకు పేరే ఉండిపోయింది. "మస్తుందిరా" అని భుజం తట్టి బస్సెక్కాను.

రేపు పొద్దున్నే ఆ క్యాసెట్ పెళ్లివాళ్లకు ఇచ్చేస్తాడు. మా షాపు ఎదుటి ఎస్టీడీ బూత్‌లో షట్టర్ దించుతున్నారు. వాడి షాపు ఫోన్ నంబరు నాకు నోటికొచ్చు. అయినా కూర్చుని ఇది రాస్తున్నాను.